క్వార్ట్‌సైట్ ఎడారిలో పద్నాలుగు రోజులు

అమెరికాలో వ్యాన్‌నే ఇల్లు చేసుకుని తిరిగేవాళ్లు చలికాలం ఎక్కువగా చేరే చోటు అరిజోనా రాష్ట్రంలోని క్వార్ట్‌సైట్. ఐ-10 హైవే, యూఎస్-95 రోడ్డు కలిసే దగ్గర ఉన్న చిన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో రెండున్నర వేలు కూడా లేరు. జనవరి వచ్చేసరికి మాత్రం ఊరి చుట్టూ ఉన్న ఎడారి నిండా బళ్లే. ఉత్తరాది మంచులో బిగుసుకుపోయి ఉంటే ఇక్కడ పగలు 18, 20 డిగ్రీలు. నేల కేంద్ర ప్రభుత్వానిది. దాన్ని చూసుకునే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌ను అందరూ బీఎల్‌ఎం అంటారు.

ఊరికి ఉత్తరాన ప్లొమోసా రోడ్డు, పడమర డోమ్ రాక్, ఆగ్నేయాన స్కాడన్ వాష్. ఈ మూడు చోట్లా బండి నిలుపుకోవడం ఉచితం. కాకపోతే 28 రోజుల్లో 14 రోజులకు మించి ఉండనివ్వరు, ఆ తర్వాత కనీసం 25 మైళ్లు దూరం జరగాలి. స్నేహాలకు ఈ గడువు భలే అమరుతుంది. రాత్రికో చోట పడుకునేవాళ్లకు మొదటి పలకరింపులు బోలెడు దొరుకుతాయి, అదే మనిషితో రెండోసారి మాట్లాడే వీలే ఉండదు. ఒంటరిగా ఉందని వాపోయే వ్యాన్ జనంలో చాలామందికి అడ్డం వస్తున్నది ఈ తొందరే తప్ప మొహమాటం కాదు. రెండు వారాలు కదలకుండా ఉంటే ఏ రోజు ఏం జరుగుతుందో, ఏం చేస్తే జరుగుతుందో ఇదీ వరస.

మొదటి రోజు: చోటు

మధ్యాహ్నం రెండింటిలోపు చేరాలి. జనవరిలో ఆరుకల్లా పొద్దు గుంకుతుంది. చీకట్లో చోటు వెతికినవాళ్లు అయితే ఎండువాగులో దిగబడతారు, లేదంటే ఎవరో ఒకరి గుమ్మంలో బండి పెడతారు. నల్లగా, చిన్న రాళ్లు ఒత్తుగా పరిచినట్టున్న నేల గట్టిది. తెల్లగా, మెత్తగా కనిపించేది వాగు ఇసుక. అనుమానంగా ఉంటే దిగి నడిచి, మడమతో గట్టిగా తొక్కి చూడాలి. అంగుళం దిగిందంటే వెనక చక్రాలతో నడిచే వ్యాన్‌ను అటు పోనివ్వొద్దు. వాగులో రాత్రి గడపడం ఇంకో రకం ప్రమాదం: వాన ఎక్కడో కొండల్లో కురుస్తుంది, నీళ్లు ఇక్కడికొస్తాయి.

గీతలు గీసిన స్థలాలేమీ ఉండవు కాబట్టి పొరుగువాళ్లకు ఎంత దూరంలో ఆగామన్నదే మన మర్యాద. రుసుము కట్టి ఉండే లా పోసా క్యాంపులో బళ్ల మధ్య 15 అడుగులు వదలాలన్నది నియమం. అది కనీసం మాత్రమే. 100 నుంచి 150 అడుగులు బాగుంటుంది. అంతకంటే దగ్గరైతే చొరబడినట్టు, 300 అడుగులు దాటితే కుర్చీ మోసుకుని ఎవరూ రారు. మీ పక్క తలుపు వాళ్ల పక్క తలుపుకు ఎదురుగా రాకూడదు, ఐమూలగా నిలపాలి. వాళ్ల కిటికీకీ కొండకీ మధ్య అసలు నిలపొద్దు. సాయంత్రం మీ బండి నీడ వాళ్ల సోలార్ పలకల మీద పడుతుందేమో చూసుకోవాలి. జనరేటర్ ఉంటే పొగ గొట్టం అవతలి వైపుకు తిప్పాలి. నడక వేగంతో రావాలి, దుమ్ము రేపుకుంటూ వచ్చినవాణ్ని ఆ వారమంతా గుర్తుపెట్టుకుంటారు.

ఇంజన్ ఆపకముందే దిగి వెళ్లి, "ఇక్కడ పెట్టుకుంటే మీకేమన్నా ఇబ్బందా?" అని అడగాలి. మొదటి మాటగా దీన్ని మించింది లేదు. ఎదుటివాళ్ల మాటకు విలువిచ్చినట్టవుతుంది, జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది, మాట పొడిగించడమా మానడమా అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. పది అడుగుల దూరంలో నిలబడి పిలవాలి, వ్యాన్ మీద చేత్తో కొట్టకూడదు. నగరాల్లో వీధి పక్కన పడుకున్నవాళ్లకు రేకు మీద ఆ దబదబ వినపడిందంటే పోలీసులు లేచి పొమ్మంటున్నారని అర్థం. గుండె గుభేలుమంటుంది.

రెండో రోజు: బయట కుర్చీ

రెండో రోజు పెద్ద పనేం లేదు, కనపడటమే పని. కుర్చీ వ్యాన్ వెనక కాకుండా దారి కనిపించే వైపు వేయాలి. తలుపు తీసి ఉండి కుర్చీ బయటికి చూస్తుంటే మాట్లాడొచ్చు. తెరలు దించి ఉన్నా, చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నా చెయ్యి ఊపి సాగిపోవాలి. పొద్దున్నే ఒకే వేళకు, ఒకే దారిలో నడిస్తే మూడు రోజుల్లో అందరికీ మొహం తెలిసిపోతుంది. ఎవరి తలుపూ తట్టకుండా చుట్టుపక్కల వాళ్లందరికీ పరిచయం కావడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

కుక్క ఉంటే పని సగం అయినట్టే. తాడు మాత్రం వదలకూడదు, లా పోసాలో ఆరడుగులకు మించని తాడు ఉండాలన్నది నియమం కూడా. ఇక్కడ చోల్లా అనే కాక్టస్ ఉంది. ముళ్లతో నిండిన దాని కణుపులు తాకీ తాకకముందే ఊడి పంజాకు అంటుకుంటాయి. చేత్తో లాగితే వేళ్లకు పట్టుకుంటాయి. మామూలు తల దువ్వెన కణుపుకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్క ఊపున బయటికి చిమ్మాలి. మిగిలిన ముళ్లు సన్న కటింగ్ ప్లయర్‌తో ఒక్కొక్కటే పీకాలి. దువ్వెన జేబులో ఉన్నవాళ్లకు ఈ క్యాంపులో పరిచయాలకు కొదవుండదు.

ఇక్కడ ముందు కుక్క పేరు తెలుస్తుంది, మనిషి పేరు తర్వాత. ఇంటిపేరు అడగరు. ఇల్లెందుకు వదిలారు, నెలకెంత వస్తుంది, ఎవరితో విడిపోయారు లాంటివీ అడగరు. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. ఏ వైపు నుంచి వచ్చారు, అక్కడ నేల ఎలా ఉంది, సిగ్నల్ వస్తుందా అని ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు. విన్న పేర్లు ఆ రాత్రే చిన్న పుస్తకంలో రాసుకోవడం మంచిది: పేరు, వ్యాన్ రంగు, కుక్క పేరు. రెండోసారి కలిసినప్పుడు పేరు పెట్టి పిలిస్తే వచ్చే తేడా అప్పుడు తెలుస్తుంది.

మూడో రోజు: నీళ్లు

మనిషికి రోజుకు తాగడానికి నాలుగు లీటర్లు, వంటకూ గిన్నెలకూ ఒళ్లు తుడుచుకోవడానికీ మరో నాలుగు. పద్నాలుగు రోజులకు ఒక్కరికే 112 లీటర్లు. మామూలు వ్యాన్‌లో 60 నుంచి 80 లీటర్లు పడతాయి కాబట్టి నడుమ ఒకసారైనా ఊళ్లోకి వెళ్లక తప్పదు. బయల్దేరే ముందు నలుగురినీ అడగాలి, "ఊళ్లోకి వెళ్తున్నా, ఏమన్నా తేవాలా?" అని. తిరిగొచ్చి సామాను అప్పజెప్పేటప్పుడు రెండోసారి మాట కలుస్తుంది. 20 లీటర్ల క్యాను అంటే 20 కిలోలు, ఒక విడతకు ఇతరులవి రెండు చాలు. డబ్బు ముందే తీసుకోవాలి, రసీదు తెచ్చివ్వాలి. ఇక్కడ లెక్క తేలకపోతే పదో రోజుకు మాటలు తగ్గిపోతాయి.

ప్రొపేన్ గ్యాస్ సిలిండర్ నింపించుకు రమ్మంటే నిలువుగా కట్టేసి, వాల్వ్ మూసి, మూతికి బిరడా పెట్టి, కిటికీ తీసి తీసుకెళ్లాలి. పడుకోబెడితే ఒత్తిడి వదిలే వాల్వ్ దగ్గరికి ద్రవం చేరుతుంది, అది తెరుచుకుంటే వ్యాన్ లోపలికి చిమ్మేది ఆవిరి కాదు, ద్రవమే.

ఉచిత చోట్లలో నీళ్లూ చెత్తకుండీలూ ఉండవు. అవి కావాలంటే ఊరికి దక్షిణాన ఉన్న లా పోసా దీర్ఘకాల క్యాంపు. 11,000 ఎకరాలకు పైనే ఉంటుంది. ఇలాంటి క్యాంపుల పద్ధతిని బీఎల్‌ఎం 1983లో మొదలుపెట్టింది. సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండటానికి 180 డాలర్లు, 14 రోజులకైతే 40 డాలర్లు అన్న రుసుము ఏళ్ల తరబడి నడిచింది. వెళ్లే ముందు ఇప్పటి ధర చూసుకోవాలి. బండికి బిగించిన 10 గ్యాలన్ల మురుగు ట్యాంకు లేకపోతే అక్కడి మరుగుదొడ్లకు 500 అడుగుల లోపలే ఉండాలి. చిన్న వ్యాన్ల వాళ్లంతా అందుకే మరుగుదొడ్ల చుట్టూ గుమిగూడతారు. స్నేహాలకు ఆ ప్రాంతం బంగారమే, నిద్రకు మాత్రం కాదు. గిన్నెలు కడిగిన నీళ్లు కూడా ఎక్కడా నేల మీద పారబోయకూడదు.

ఉత్తరాలకు పోస్టాఫీసులో జనరల్ డెలివరీ ఉంది, అంటే మన పేరున వచ్చినవి వెళ్లి తీసుకునేదాకా అక్కడే ఉంచుతారు. మామూలుగా 30 రోజులకు మించి అట్టిపెట్టరు. గుర్తింపు కార్డు తప్పనిసరి.

నాలుగో రోజు: నెగడు

మూడు రోజులు మొహాలు చూసుకున్నాక నెగడు వేసి పిలవొచ్చు. మొదటి రోజే పిలిస్తే ఎవరూ రారు, వారం దాటాక పిలిస్తే ఎవరి గుంపు వాళ్లకు కుదిరిపోయి ఉంటుంది. నలుగురు, మహా అయితే ఆరుగురు. ఎనిమిది దాటితే గుంపు రెండుగా చీలుతుంది, కొత్తవాళ్లు రెండింటికీ కాకుండా మిగిలిపోతారు. పిలుపులో అన్నీ ఉండాలి: ఐదున్నరకు రండి, కుర్చీ, గ్లాసు, పళ్లెం మీవే తెచ్చుకోండి, ఎనిమిదికి ముగిద్దాం. ముగింపు వేళ ముందే చెబితే లేవడానికి ఎవరూ ఇబ్బంది పడరు. వంట అందరికీ కలిపి చేస్తే అందులో ఏముందో కాగితం మీద రాసి పెట్టాలి, వేరుశనగ, పాలు, గోధుమ పడనివాళ్లు ఉంటారు.

కట్టెలు కొని తెచ్చుకోవాలి. ఎండినట్టు కనిపించే ఐరన్‌వుడ్, పాలోవెర్డే చెట్ల కొమ్మలను పక్షులూ చిన్న జంతువులూ నమ్ముకుని ఉంటాయి. పాత నెగడు గుంట ఉంటే అందులోనే వేయాలి, లేకపోతే కాళ్లున్న ఇనుప పళ్లెంలో. ఆ పూట మంటలపై నిషేధం ఉందేమో ముందే కనుక్కోవాలి. చాలామంది మరిచిపోయేది గాలి దిశ: వ్యాన్ కప్పు మీద ఫ్యాను లోపలికి గాలి పీల్చేలా పెట్టుకుంటే మీ పొగంతా ఆ వ్యాన్‌లో పరుపుల్లోకి ఎక్కుతుంది. వెలిగించే ముందు గాలివాటున ఉన్న పొరుగువాళ్లకు ఒక మాట చెప్పాలి. తలకు కట్టుకునే దీపాలు ఎర్ర కాంతిలో ఉంచాలి, తెల్ల వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. అడగకుండా ఫోటో తీయకూడదు. అడిగి తీసినా వాళ్లు ఆ క్యాంపులో ఉన్నన్నాళ్లూ బయట ఎవరికీ చూపకూడదు, కొందరు ఎవరికీ దొరకకూడదనే ఇంత దూరం వచ్చి ఉంటారు.

"మీ వ్యాన్ లోపల చూడొచ్చా?" అని అడగడం పడకగది చూపమన్నట్టే. వాళ్లు రమ్మన్నప్పుడు చెప్పులు బయట విడిచి వెళ్లాలి. ఇక మాటల్లో అన్నిటికంటే విసుగు పుట్టించేది మీ బ్యాటరీల గొప్పలు. ఆ సంగతి ఎవరైనా అడిగితేనే.

చివర్లో నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోయాలి. చేతి వెనకవైపు బూడిద దగ్గరగా పెట్టి వేడి తగలకపోతేనే వదిలి వెళ్లాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లా పోసాలో నిశ్శబ్ద వేళ, ఉచిత చోట్లలోనూ అదే పాటిస్తారు.

ఐదో రోజు: తీగలు

నెగడు దగ్గర ఎవరో ఒకరు అంటారు, "మా ఫ్రిజ్ రాత్రిపూట ఆగిపోతోంది, బ్యాటరీ చూస్తే నిండుగానే ఉంది" అని. వ్యాన్‌లలో ఇంత ఎక్కువగా వచ్చే గొడవ ఇంకోటి లేదు, ఇద్దరు మనుషుల్ని ఇంత దగ్గర చేసేదీ లేదు. వోల్టేజి కొలిచే మల్టీమీటర్ తీసుకుని కంప్రెసర్ నడుస్తుండగా రెండు చోట్ల చూడాలి: బ్యాటరీ కొనల దగ్గర, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర. ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు చూస్తే రెండు చోట్లా ఒకే అంకె కనిపించి మోసపోతాం. తీగలో విద్యుత్తు పారుతున్నప్పుడే వోల్టేజి పడిపోతుంది.

లెక్క చూడండి. ఫ్రిజ్ నాలుగు ఆంపియర్లు తీసుకుంటుంది. బ్యాటరీ నుంచి ఐదు మీటర్లు, రానూపోనూ పది మీటర్ల తీగ. 16 గేజ్ తీగైతే మీటరుకు 0.013 ఓమ్, మొత్తం 0.13. నాలుగుతో గుణిస్తే అర వోల్టు తీగలోనే పోయింది. సిగరెట్ లైటర్ తరహా సాకెట్ వదులుగా ఉంటే అక్కడ ఇంకొంత. బ్యాటరీ 12.1 ఉంటే ఫ్రిజ్‌కు చేరేది పదకొండున్నర. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది, అప్పుడు ఇంకా పడిపోతుంది, ఫ్రిజ్‌లోని బ్యాటరీ రక్షణ దాన్ని ఆపేస్తుంది. అంతకంటే లావైన 10 గేజ్ తీగ వేస్తే నష్టం 0.13 వోల్టుకు దిగుతుంది. లైటర్ సాకెట్ తీసేసి బిగుతుగా పట్టే రెండు పిన్నుల కనెక్టర్ పెట్టాలి. 15 ఆంపియర్ల ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి, దూరంగా పెడితే ఆ మధ్య తీగకు రక్షణ లేనట్టే.

ముట్టుకోకముందు ఫోటో తీసుకోవాలి. బ్యాటరీ నెగటివ్ మొదట విప్పాలి, చివర బిగించాలి. స్పానర్ బండి యజమాని చేతిలోనే ఉండాలి, మీరు పక్కన కూర్చుని చెప్పాలి. ఇది మర్యాదకే కాదు, రేపు మీరు లేనప్పుడు మళ్లీ ఆగిపోతే చేసుకోవాల్సింది వాళ్లే. అడగనిదాని జోలికి పోకూడదు. ఇన్వర్టర్ అవతలి 120 వోల్టుల పని తెలియకపోతే తెలియదని చెప్పేయాలి. గ్యాస్ లీకైనట్టు అనుమానం వస్తే కీళ్ల మీద సబ్బు నురగ రాసి బుడగలు వస్తాయేమో చూడొచ్చు, అగ్గిపుల్ల మాట తలవకూడదు. బుడగలు వస్తే వాల్వ్ మూసేసి పనివాణ్ని పిలవడమే.

ఇంకో పొరపాటు ఇక్కడ తరచూ పడతారు. తెల్లవారుజామున చలి సున్నాకు దగ్గరైన రోజుల్లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఛార్జి తీసుకోదు. దాని రక్షణ సర్క్యూటే అడ్డుకుంటుంది, ఎందుకంటే సున్నా కింద ఛార్జి చేస్తే సెల్ పాడవుతుంది. సోలార్ పలక పోయిందనుకుని కప్పెక్కి విప్పేవాళ్లుంటారు. బ్యాటరీ వేడెక్కేదాకా ఆగితే చాలు.

రెండు గంటలు భుజం భుజం ఆనించి కూర్చున్నాక ఇక పరిచయం అని ఎవరూ అనరు. డబ్బు తీసుకోవద్దు. వాళ్లు తిరిగి ఏదన్నా ఇస్తే వద్దనొద్దు కూడా. ఎప్పుడూ ఇచ్చేవాడిగానే ఉండాలనుకునే మనిషికి జనం కాస్త దూరంగానే ఉంటారు.

ఆరు, ఏడు రోజులు: గాలి

వారంలో ఒకసారైనా గాలి లేస్తుంది. బండి పక్కకు చాచే గుడ్డ పందిరి మూయకుండా నిద్రపోయినవాళ్లవి కడ్డీలు వంకరపోతాయి. పడుకునే ముందు చుట్టేయాలి, పగలైనా మనిషి లేనప్పుడు చుట్టేయాలి. పొరుగున ఎవరూ లేని వ్యాన్ పందిరి ఎగురుతుంటే ఇద్దరు వెళ్లి ఒకేసారి రెండు కాళ్లూ దించాలి, ఒక్కరే ఒకవైపు దించితే చుట్టే గొట్టం మెలితిరుగుతుంది. ఆ పొరుగువాళ్లు ఊళ్లోంచి వచ్చి చూసుకున్నాక వాళ్లే వెతుక్కుంటూ వస్తారు.

గాలికి తలుపులన్నీ బిగించి ప్రొపేన్ హీటర్ వెలిగించడం మాత్రం ప్రాణాంతకం. లోపలి గాలినే మండించే రకం హీటర్‌కు కిందొకటి, పైనొకటి గాలి దారి తప్పనిసరి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి, హీటర్ ఆపే పడుకోవాలి.

ఎనిమిదో రోజు: కోఫా

కలిసి ఒక చోటికి వెళ్లడం ఈపాటికి వస్తుంది. 1939లో ఏర్పడిన కోఫా వన్యప్రాణి ఆశ్రయం దగ్గరే. కింగ్ ఆఫ్ అరిజోనా అనే పాత గని పేరు నుంచి వచ్చిందా పేరు. యూఎస్-95 మీద దక్షిణంగా 18 మైళ్లు, అక్కడి నుంచి తూర్పుకు ఏడు మైళ్ల కంకర రోడ్డు, ఆపైన అర మైలు నడక. కొండ చీలికలో సొంతంగా పెరిగిన ఫ్యాన్ పామ్ చెట్లు కనిపిస్తాయి. వాటి మీద ఎండ పడేది మధ్యాహ్నం కాసేపే, అందుకని పదకొండుకల్లా కాలిబాట మొదట్లో ఉండాలి. ఆ ఆశ్రయంలోనే క్రిస్టల్ హిల్ దగ్గర స్ఫటికాలు ఏరుకోవచ్చు, నేల పైన దొరికినవే, తవ్వకూడదు, పరిమితి దాటకూడదు.

రెండు మూడు బళ్లు వెళ్తుంటే చేతి రేడియోలు తీసుకోవాలి. ఎఫ్‌ఆర్‌ఎస్ అనే తక్కువ దూరపు రేడియోకు అమెరికాలో లైసెన్సు అక్కర్లేదు. 22 ఛానళ్లు, వాటిలో 8 నుంచి 14 వరకు అర వాటే, మిగతావి రెండు వాట్ల దాకా. దూరం కావాలంటే ఆ ఏడూ వదిలేయాలి. ఇంకా శక్తి ఉన్న జీఎంఆర్‌ఎస్ రకం అయితే పరీక్ష లేదు కానీ లైసెన్సు కావాలి.

ఎవరో ఒకరు ఇసుకలో దిగబడతారు. చక్రం ఒక్కసారి తిరిగి ముందుకు పోకపోతే కాలు తీసేయాలి. ఇంకా తొక్కితే ఇరుసు దాకా కూరుకుపోతుంది. ముందు టైర్ల గాలి సగానికి దింపాలి, సామాను నిండిన వ్యాన్‌కు 30 పీఎస్‌ఐ దరిదాపుల్లో. చక్రాల ముందూ వెనకా ఇసుక తవ్వాలి, బండి కింద బొజ్జ ఆనిన చోట కూడా. ఇసుకలో పట్టు కోసం వేసే పలకలు చక్రానికి ఆనించి, లోపలికి నొక్కి పెట్టాలి. చాలాసార్లు వచ్చిన దారినే వెనక్కి రావడం తేలిక. మోకుతో లాగాల్సి వస్తే ట్రైలర్ తగిలించే గుండుకు కట్టొద్దు, అది విరిగితే తూటాలా వస్తుంది. బండి అడుగున చట్రానికి ఉన్న కొక్కేనికే కట్టాలి, మిగతావాళ్లు మోకు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో నిలబడాలి. హైవే ఎక్కేముందు గాలి మళ్లీ నింపుకోవాలి. ఒక్కరూ కేకలు వేయకుండా ఈ పని ముగిస్తే ఆ గుంపు నిలబడుతుంది. ఎవరితో కలిసి ప్రయాణం చేయొచ్చో ఆ అరగంట తేల్చేస్తుంది.

తొమ్మిదో రోజు

ఏమీ లేదు. తెరలు దించుకుని చదువుకోవడం, బట్టలు ఉతికించుకోవడం. రమ్మన్నవాళ్లకు "ఇవాళ నాకు ఒంటరి రోజు" అంటే చాలు, ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు. సాకులు అల్లితేనే పట్టుబడతారు, బళ్లన్నీ కనపడుతూనే ఉంటాయి.

పదో రోజు: జాతర

జనవరిలో ఊళ్లో పెద్ద డేరా కింద ఆర్‌వీల (ఇల్లులా ఉండే బళ్ల) ప్రదర్శన, రాళ్లూ రత్నాల సంతలు, పాత సామాన్ల బజార్లు నడుస్తాయి. వ్యాన్ జనానికి ప్రత్యేకంగా రబ్బర్ ట్రాంప్ రాందేవూ ఉంది. వ్యాన్ బతుకు గురించి వీడియోలు చేసే బాబ్ వెల్స్ 2010 దశకం మొదట్లో కొద్ది పాటి జనంతో మొదలుపెట్టిన ఈ కలయికకు తర్వాత వేలమంది రాసాగారు. చోటూ తేదీలూ మారుతుంటాయి, ఆ ఏటివి చూసుకుని వెళ్లాలి. పెద్ద గుంపుల్లో ఊరికే తిరిగితే వెళ్లినవాళ్లు వెళ్లినట్టే వస్తారు. ఏదో ఒక పని అందుకోవాలి: కుర్చీలు వేయడం, బళ్లు నిలిపే చోట చెయ్యి చూపడం, వంట దగ్గర వడ్డన. కొత్తగా వచ్చినవాళ్ల ప్రశ్నల బృందాలు, ఆడవాళ్ల బృందాలు, ఒక రకం బండి ఉన్నవాళ్ల బృందాలు ఉంటాయి, మీకు పనికొచ్చేది ఒక్కటే ఎంచుకుని దానికే మళ్లీ వెళ్లాలి.

అటే వెళ్తే శ్మశానంలో హై జాలీ సమాధి చూడొచ్చు. హాజీ అలీ అన్న పేరే జనం నోట అలా మారింది. 1850లలో అమెరికా సైన్యం ఒంటెలను తెప్పించినప్పుడు వాటిని నడపడానికి వచ్చి, 1902లో ఇక్కడే చనిపోయాడు. రాళ్లతో కట్టిన పిరమిడ్, కొసన రాగి ఒంటె. 1935లో కట్టింది రాష్ట్ర రహదారుల శాఖ. ఊరి నిండా దేశదిమ్మరులే ఉండే చోట ఆయన స్మారకమే ఊరి గుర్తు కావడం సరిగ్గా సరిపోయింది.

పదకొండో రోజు: అప్పులు, జాగ్రత్తలు

ఈ పాటికి చేబదుళ్లు మొదలవుతాయి. పనిముట్లు ఇస్తే హ్యాండిల్‌కు రంగు టేపు చుట్టి ఇవ్వాలి, తీసుకుంటే పొద్దు గుంకేలోపు తిరిగివ్వాలి. డబ్బు మాత్రం పోయినా బాధపడనంతే ఇవ్వాలి, తిరిగి అడగకూడదు. అంతకు మించి అడిగితే ఒక ట్యాంకు పెట్రోలు మీ కార్డుతో నేరుగా కొట్టించడం మేలు, నోట్లు చేతికివ్వకుండా.

ఒంటరిగా తిరిగేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఎంత చనువు పెరిగినా కొన్ని వదలరు. డ్రైవర్ సీటు దాకా లోపలి నుంచే దారి ఉంటుంది, సీటు మీద సామాను ఉండదు, తాళం ఒకే చోట ఉంటుంది, ముందు భాగం బయటి దారివైపు ఉంటుంది. ఇంటి దగ్గర ఒకరికి రోజూ ఒకే వేళకు సందేశం వెళ్తుంది, రాకపోతే ఏం చేయాలో వాళ్లకు ముందే తెలుసు. ఎవరి తీరైనా తేడాగా అనిపిస్తే కారణాలు చెప్పకుండా బండి తీసి వేరే చోటికి వెళ్లిపోవాలి. చక్రాలున్న ఇంటికి ఉన్న పెద్ద సుఖం అదే. అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయాల్సి వస్తే ఇక్కడ ఇంటి నంబర్లుండవు కాబట్టి రోడ్డు పేరు, మైలురాయి అంకె, ఫోన్ చూపే అక్షాంశ రేఖాంశాలు చెప్పాలి. చేరిన రోజే అవి ఒక కాగితం మీద రాసి తలుపు దగ్గర అంటించుకోవాలి.

పన్నెండు, పదమూడు రోజులు: మళ్లీ ఎక్కడ

"మళ్లీ ఎప్పుడైనా కలుద్దాం" అన్నవాళ్లు కలవరు. తేదీ, చోటు, అది కుదరకపోతే రెండో చోటు, మూడూ చెప్పుకోవాలి. చేత్తో రాసిన చిన్న చీటీ మీద పేరు, ఫోన్, వ్యాన్ గుర్తు ఉంటే ఫోన్ పోయినా ఆధారం ఉంటుంది. ఎడారిలో సిగ్నల్ లేని చోట్లు ఎక్కువ, రెండు రోజులు జవాబు రాకపోతే అలిగినట్టు కాదని ముందే అనుకోవాలి.

కలిసి బయల్దేరితే రోజుకు 150 మైళ్లకు మించి పెట్టుకోవద్దు. నెమ్మది బండి ముందు, పనిముట్లున్న బండి వెనక. ఒకరి వెనక ఒకరు అంటుకుని పోకుండా పెట్రోలు బంకుల దగ్గర కలుసుకుంటే చాలు. ఖర్చులు ఎవరివి వాళ్లవి. మూడో రోజుకు ఒక రాత్రి విడిగా పడుకునేలా ముందే అనుకుంటే బిడారు ఎక్కువ దూరం సాగుతుంది. అందరూ ఒకే చోట ఉండాలని పట్టుబట్టే మనిషి ఒక్కరున్నా చాలు, వారంలో గుంపు చెదిరిపోతుంది.

పద్నాలుగో రోజు: బయల్దేరడం

పొద్దున్నే చుట్టూ 50 అడుగులు నడిచి చెత్త ఏరాలి, మీది కాకపోయినా. చల్లారిన బూడిద సంచిలోకి. తర్వాత బండి: కప్పు మీద ఫ్యాను మూత, పందిరి గొళ్లెం, ప్రొపేన్ వాల్వ్, టైర్ల గాలి, చక్రాల కింద పెట్టిన మట్టం దిమ్మెలు. దిమ్మెలు మరిచి వెళ్లడం ఎంత మామూలంటే, ఖాళీ అయిన చోట మిగిలినవి పొరుగువాళ్లు తీసి దాచి ఫోన్ చేస్తారు.

25 మైళ్లు జరగాలి కాబట్టి గుంపు సాధారణంగా మూడు వైపులా విడిపోతుంది: ఉత్తరాన 35 మైళ్లలో పార్కర్, దక్షిణాన యూమా దగ్గరి ఇంపీరియల్ డ్యామ్ క్యాంపు, పడమర కొలరాడో నది దాటి కాలిఫోర్నియాలోని బ్లైత్ ఊరి అవతలికి. లా పోసా దీర్ఘకాల అనుమతి ఉన్నవాళ్లకు ఇంపీరియల్ డ్యామ్‌లోనూ, బ్లైత్ దగ్గరి మిడ్‌ల్యాండ్‌లోనూ అదే చెల్లుతుంది. బ్లైత్ వైపు వెళ్లేవాళ్లతో కలిసే వేళ పెట్టుకుంటే ఏ రాష్ట్రపు గడియారమో కూడా అనుకోవాలి. చలికాలంలో కాలిఫోర్నియా అరిజోనా కంటే గంట వెనక. వేసవిలో అక్కడ గడియారం ముందుకు జరుపుతారు, ఇక్కడ జరపరు, అప్పుడు రెండు చోట్లా ఒకే టైము.